అచ్చులు ఐదే.. పలుకులు ఇరవై!

* ఇంగ్లిషు పలుకులో తడబాటుకు మూలం అచ్చుల్లోనే
* ఊనిక జారితే 'కెరీర్' కాస్తా టిఫిన్ 'క్యారియర్'
* సరిహద్దు తెలుగు పిల్లలకు సగం పాఠం ముందే వచ్చు

బళ్లారి, హోసూరు, బరంపురం, షోలాపూర్.. ఏ ఊళ్లో చూసినా తెలుగింటి పిల్లలకు మూడు నాలుగు భాషలు వచ్చు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో, టీవీలో హిందీ, బడిలో ఇంగ్లిషు. భాష మార్చి మాట్లాడటం వీళ్లకు వెన్నతో పెట్టిన విద్య. కూరగాయల బండి దగ్గర ఒక భాష, పక్కింటి గుమ్మంలో మరో భాష. అలాంటి పిల్లలే డిగ్రీ చేతికొచ్చి ఇంటర్వ్యూ గదిలో అడుగు పెట్టేసరికి గొంతు తడారిపోతుంది. వ్యాకరణం తెలుసు. మాటలు తెలుసు. కానీ 'నా పలుకు విని నవ్వుతారేమో' అన్న జంకు నోరు నొక్కేస్తుంది. తెలిసిన జవాబు కూడా లోపలే ఉండిపోతుంది.

ఈ జంకు తీరాలంటే ముందు తప్పు ఎక్కడ జరుగుతోందో తెలియాలి. మన పిల్లలకు హల్లులతో పెద్ద ఇబ్బంది లేదు. క, గ, చ, జ, ప, బ.. అన్నీ నోటికి అలవాటైనవే. తడబాటు దాదాపుగా అచ్చుల దగ్గరే వస్తుంది. తమిళంలో అచ్చును 'ఉయిరెళుత్తు' అంటారు. అంటే ప్రాణాక్షరం. హల్లు 'మెయ్యెళుత్తు', అంటే శరీరం. ఇంగ్లిషు మాటకూ ప్రాణం అచ్చులోనే ఉంది. అయితే ఆ ప్రాణం మాటలో అన్నిచోట్లా సమానంగా ఉండదు. ఈ ఒక్క సంగతి ఒంటబడితే సగం ఇంగ్లిషు పలుకు వచ్చినట్టే.

అక్షరం వేరు.. ధ్వని వేరు

తెలుగులో రాసింది చదువుతాం, చదివింది రాస్తాం. 'ఇ' అంటే ఎక్కడైనా 'ఇ'నే. హ్రస్వం, దీర్ఘం జంటలు ఐదు, వాటితో పాటు ఐ, ఔ. బడిలో నేర్చిన గుణింతం జీవితాంతం మారదు. కన్నడమూ అంతే. ఈ అలవాటుతోనే మన పిల్లలు ఇంగ్లిషు దగ్గరికి వెళతారు. 'ఏ, ఈ, ఐ, ఓ, యూ.. అచ్చులు ఐదు' అని మొదటి తరగతిలోనే బట్టీ పట్టిస్తారు. అవి అక్షరాలు మాత్రమేనన్న సంగతి చాలా బడుల్లో ఎవరూ చెప్పరు.

బ్రిటిష్ ఉచ్చారణను లెక్క కట్టినవారు తేల్చిన ధ్వనులు మొత్తం 44. అందులో హల్లుల ధ్వనులు 24, అచ్చుల ధ్వనులు 20. ఈ ఇరవైలో పన్నెండు ఒంటి అచ్చులు, ఎనిమిది మన ఐ, ఔల్లాగా ఒక ధ్వనిలో మొదలై మరో ధ్వనిలోకి జారేవి. లండన్‌లో ధ్వనిశాస్త్రం బోధించిన డేనియల్ జోన్స్ 1917లో తెచ్చిన ఉచ్చారణ నిఘంటువు ఈ లెక్కలకు దారి చూపింది. అమెరికా ఇంగ్లిషులో ఈ సంఖ్య ఇంకాస్త తక్కువ. ఎలా చూసినా ఐదు అక్షరాలు ఇన్ని ధ్వనుల బరువు మోయాలి. అందుకే ఒక్కో అక్షరం చోటును బట్టి వేషం మారుస్తుంది.

ఇంగ్లిషు 'ఏ' అక్షరాన్నే తీసుకోండి. క్యాట్‌లో ఒక పలుకు. కార్‌లో 'ఆ'. కేక్‌లో 'ఏ'. కాల్ అన్నప్పుడు 'ఆ'కూ 'ఓ'కూ నడుమ. వాచ్‌లో దాదాపు అదే, కానీ పొట్టిగా. మెనీలో 'ఎ'. విలేజ్ అని మనం పలికే మాటలో 'ఇ'. అబౌట్‌లో వినీ వినిపించని 'అ'. ఒక్క అక్షరానికి ఎనిమిది వేషాలు! దీనికి తిరకాసు కూడా ఉంది. 'ఈ' అన్న ఒక్క ధ్వనికి సీ, మీ, కీ, పీపుల్, మషీన్, ఫీల్డ్, రిసీవ్.. ఇలా మాట మాటకూ వేరే స్పెల్లింగు.

ఎందుకొచ్చింది ఈ గొడవ?

ఇంగ్లిషు కూడా ఒకప్పుడు మన భాషల్లాగే రాసినట్టుగా పలికే భాషే. ఆరేడు వందల ఏళ్ల కిందట 'నేమ్' అన్న మాటను వాళ్లు 'నామ' అనే పలికేవారు. మన 'నామం' అన్న మాటకు అది దూరపు చుట్టం కూడా. 'టైమ్' అప్పట్లో 'టీమ', 'హౌస్' అప్పట్లో 'హూస్', 'మూన్' అప్పట్లో 'మోన్'. దాదాపు 1400 నుంచి 1700 మధ్య ఇంగ్లండులో దీర్ఘాచ్చులన్నీ ఒకదాని వెంట ఒకటి చోటు మారాయి. 'ఆ' వెళ్లి 'ఏ' వైపు, 'ఏ' వెళ్లి 'ఈ' వైపు, 'ఈ' వెళ్లి 'ఐ' వైపు జరిగాయి. భాషావేత్తలు దీన్ని 'అచ్చుల మహా మార్పు' అంటారు.

సరిగ్గా ఈ మార్పు నడుస్తున్నప్పుడే అచ్చుయంత్రం వచ్చింది. విలియం కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మినిస్టర్‌లో ముద్రణాలయం పెట్టాడు. పుస్తకాల్లో పడిన స్పెల్లింగు మెల్లగా గట్టిపడిపోయింది. నోటి పలుకు మాత్రం ముందుకు సాగిపోయింది. ఇవాళ మన పిల్లలు చదివేది ఐదారు వందల ఏళ్ల నాటి రాత, పలకాల్సింది ఈనాటి మాట. ఈ రెండింటి నడుమ దూరమే స్పెల్లింగు గొడవ. ఇందులో పిల్లల తెలివితక్కువ ఏమీ లేదు.

ఊరి పేర్లే సాక్షి

ఇంగ్లిషు అచ్చులు ఎలా పనిచేస్తాయో తెలుసుకోవడానికి లండన్ దాకా వెళ్లక్కర్లేదు. రైల్వే స్టేషను బోర్డులు చదివితే చాలు. కర్నూలు స్పెల్లింగు చూడండి. 'కర్' రాయడానికి 'యూ' అక్షరం వాడారు. 'నూల్' రాయడానికి రెండు 'ఓ'లు వాడారు. ఎందుకంటే తెల్లవాళ్లకు మన 'అ' వినిపించింది వాళ్ల 'కట్', 'బట్' మాటల్లోని ధ్వనిలా. ఆ మాటల్లో ఉండేది 'యూ' అక్షరం. మన 'ఊ' వినిపించింది 'మూన్'లోని ధ్వనిలా. అందులో ఉండేది రెండు 'ఓ'లు. ఒకే ఊరి పేరులో రెండు పాఠాలు! చిత్తూరులోని రెండు 'ఓ'లదీ అదే కథ. కడప స్పెల్లింగులో మొన్నమొన్నటి దాకా ఉన్న 'యూ'దీ అదే కథ. 2005లో ఆ స్పెల్లింగును మార్చి 'ఏ' పెట్టారు. తమిళనాడులో కడలూరు పేరులో ఆ 'యూ' ఇప్పటికీ ఉంది.

కర్ణాటక వాళ్లకు ఇంకా మంచి ఉదాహరణ ఉంది. 2014 నవంబరు 1న ఆ రాష్ట్రంలో 12 ఊళ్ల ఇంగ్లిషు పేర్లు మారాయి. వాటిలో చాలా పేర్లకు తిరిగొచ్చింది అచ్చులే. మైసూర్ చివర 'ఉ' చేరి మైసూరు అయింది. తుమ్‌కూర్‌కు నడుమ ఒకటి, చివర ఒకటి చేరి తుమకూరు అయింది. హోస్‌పేట్ హొసపేటె అయింది. 'ఈ' అక్షరంతో బెల్లారిగా ఉన్నది 'ఏ' అక్షరంతో బళ్లారి అయింది. ఇంగ్లిషు నోరు మింగేసిన అచ్చులను గెజిట్ వెనక్కి తెచ్చింది. ఆ నోరు వాటిని ఎందుకు మింగింది? ఊనిక లేని చోట అచ్చును బలహీనపరచడం, వీలైతే వదిలేయడం ఇంగ్లిషు స్వభావం కాబట్టి.

ఇక తమిళనాడు సంగతి. 2020 జూన్‌లో అక్కడి ప్రభుత్వం 1,018 ఊళ్ల స్పెల్లింగులను తమిళ పలుకుకు తగ్గట్టు మార్చబోయింది. వేలూరులో 'ఏ' దీర్ఘం చూపించడానికి రెండు 'ఈ'లు పెట్టారు. ఇంగ్లిషు చదివినవాళ్లు దాన్ని 'వీలూర్' అని చదివారు. విమర్శలు రావడంతో కొద్దిరోజులకే ఉత్తర్వు వెనక్కి వెళ్లింది. అక్షరం రెండుసార్లు రాస్తే దీర్ఘం అవుతుందన్నది మన లెక్క. రెండు 'ఈ'లు కలిస్తే 'ఈ' ధ్వని అన్నది ఇంగ్లిషు లెక్క. ప్రభుత్వాలకే తప్పని తికమక ఇది. ఏడో తరగతి పిల్లాడు తడబడితే నవ్వేదేముంది?

తలకిందులైన అక్షరం

మంచి ఇంగ్లిషు నిఘంటువు తెరిస్తే మాట పక్కన ఒక వింత గుర్తు కనిపిస్తుంది. ఇంగ్లిషు చిన్న 'ఈ' అక్షరాన్ని తలకిందులు చేసి అచ్చు వేసినట్టు ఉంటుంది. దాని పేరు 'ష్వా'. ఇంగ్లిషు మాటల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చే అచ్చు ధ్వని ఇదే. దీనికంటూ అక్షరం లేదు. ఐదు అక్షరాల్లో ఏదైనా సరే, ఊనిక లేని చోట పడితే ఈ ధ్వనిగా మారిపోవచ్చు.

పలకడం కష్టం కాదు. మన 'అ'ను సగానికి సగం తగ్గించి, పెదవులు, నాలుక బిగించకుండా పలికితే చాలు. 'బనానా' అన్న మాటలో మూడు 'ఏ' అక్షరాలున్నాయి. మనం మూడింటికీ న్యాయం చేస్తాం. ఇంగ్లిషువాళ్లు నడిమి 'నా' ఒక్కదానికే నిండు పలుకు ఇచ్చి, ముందు వెనకలను 'బ', 'న' అని తేల్చేస్తారు. అబౌట్‌లో మొదటి అచ్చు, టీచర్‌లో చివరి అచ్చు, ఫేమస్‌లో 'మస్', హాస్పిటల్‌లో 'టల్'.. అన్నీ ఈ కోవలోవే.

కొన్నిచోట్ల ఆ బలహీనమైన అచ్చు పొట్టి 'ఇ'గా తేలుతుంది. మనం విలేజ్, లగేజ్, డ్యామేజ్, ఇమేజ్, లాంగ్వేజ్ అని దీర్ఘం తీస్తాం. స్పెల్లింగులో 'ఏ' కనిపిస్తోంది కదా అని. అసలు పలుకు విలిజ్, లగిజ్, డ్యామిజ్, ఇమిజ్, ల్యాంగ్విజ్. కాలేజీ కూడా 'కాలిజ్'కు దగ్గరగా ఉంటుంది. మరికొన్ని మాటల్లో అచ్చు పూర్తిగా మాయమవుతుంది. వెజిటబుల్‌ను 'వెజ్టబుల్' అంటారు. చాక్లెట్‌లో స్పెల్లింగు నడుమ ఉన్న 'ఓ' ఎవరికీ వినిపించదు.

ఇదేమీ మనకు తెలియని విద్య కాదు. 'రాముడు అతడు' కలిసి 'రాముడతడు' అయినప్పుడు చివరి 'ఉ' ఎక్కడికి పోయింది? ఉత్వ సంధి అని మనమే పేరు పెట్టుకున్నాం. 'పదహారు'ను 'పదారు' అంటాం. 'వెళుతున్నాడు' అని రాసి 'వెళ్తున్నాడు' అంటాం. తమిళంలోనైతే మాట చివరి 'ఉ' కొన్నిచోట్ల మాత్ర తగ్గి, పెదవులు గుండ్రం చేయకుండా పలుకుతుంది. దానికి 'కుట్రియలుగరం' అని వ్యాకరణంలో పేరే ఉంది. అచ్చు చిక్కిపోవడం, రాలిపోవడం మన భాషల్లోనూ ఉంది. ఇంగ్లిషులో అది మాట మాటకూ జరుగుతుంది, అంతే తేడా.

కెరీరా? క్యారియరా?

ఏ అచ్చు నిండుగా పలకాలో, ఏది చిక్కిపోవాలో తేల్చేది ఊనిక. తెలుగులో ఊనిక ఎక్కడ వేసినా అర్థం మారదు. మన ఛందస్సు కూడా పలికే కాలాన్నే లెక్క కడుతుంది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ఇంగ్లిషు పద్యం నడిచేది ఊనిక లెక్క మీద. మాట కూడా అంతే. ఒక్క చోట ఒత్తి పలికి, మిగతా చోట్ల వదిలేస్తుంది.

ఇంటర్వ్యూల్లో తరచూ వినిపించే పొరపాటు ఇక్కడే ఉంది. ఉద్యోగ జీవితం అనే అర్థంలో చాలామంది 'మై క్యారియర్' అంటారు. వినేవాళ్లకు నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియరో, సామాను మోసేవాడో గుర్తొస్తాడు. రెండు మాటల్లోనూ హల్లులు ఒకటే. మోసేదాన్ని చెప్పేటప్పుడు మొదటి అచ్చు మీద ఊనిక. అందుకే అది నిండుగా 'క్యా' అని పలుకుతుంది. ఉద్యోగ జీవితాన్ని చెప్పేటప్పుడు ఊనిక రెండో అచ్చు మీదికి వెళుతుంది. అప్పుడు మొదటిది చిక్కి 'క' అవుతుంది, రెండోది 'రీ' అని సాగుతుంది. ఎడారిని 'డెజర్ట్' అంటూ మొదటి అచ్చును ఒత్తుతారు. భోజనం చివర తినే తీపిని 'డిజర్ట్' అంటూ రెండోదాన్ని ఒత్తుతారు.

కోర్టుల్లో, రెవెన్యూ ఆఫీసుల్లో మనం అనే 'రికార్డు' కూడా ఇలాంటిదే. నామవాచకంగా వాడితే ఇంగ్లిషులో మొదటి అచ్చు మీద ఊనిక పడి 'రెకార్డ్' అవుతుంది. నమోదు చేయడం అనే క్రియకే 'రికార్డ్'. ప్రెజెంట్, పర్మిట్, కండక్ట్ వంటి రెండచ్చుల మాటలు చాలావాటికి ఇదే సూత్రం. పేరుగా వాడితే ముందు ఊనిక, పనిగా వాడితే వెనక ఊనిక.

ఫొటోగ్రాఫ్ అన్న మాటలో ఊనిక మొదట. 'ఫోటగ్రాఫ్' అన్నట్టు వినిపిస్తుంది. అదే ఫొటో తీసేవాడి దగ్గరికి వచ్చేసరికి ఊనిక రెండో అచ్చుకు జరిగి 'ఫటాగ్రఫర్' అవుతుంది. స్పెల్లింగు మారలేదు. ఊనిక జరిగేసరికి అచ్చులన్నీ రంగు మార్చుకున్నాయి. హోటల్, పోలీస్, కమిటీ, ఈవెంట్.. మనం రోజూ వాడే ఈ మాటలన్నిటిలో ఊనిక రెండో అచ్చు మీదే.

మనకున్న బలం ఏమిటి?

ఇన్ని తిరకాసులు చూసి బెంబేలు పడాల్సిన పనిలేదు. షిప్, షీప్ తేడా, ఫుల్, ఫూల్ తేడా మనవాళ్లకు నేర్పక్కర్లేదు. హ్రస్వం, దీర్ఘం గుణింతంతోనే ఒంటబట్టాయి. టెస్ట్, టేస్ట్.. వెస్ట్, వేస్ట్.. లెట్, లేట్.. ఇవీ అంతే. హిందీ, మరాఠీ, ఒడియా లిపుల్లో హ్రస్వ 'ఎ', హ్రస్వ 'ఒ'లకు మనకున్నట్టు విడి అక్షరాలు లేవు. తెలుగు, కన్నడ, తమిళాల్లో ఉన్నాయి.

మరి బ్యాంక్, క్యాట్ మాటల్లోని ధ్వని? దానికి తెలుగులో అక్షరం లేదు. కానీ నోట్లో ఉంది! బరంపురం నుంచి యానాం దాకా తీరప్రాంతం వాళ్లు 'వచ్చాడు' అంటున్నప్పుడు 'చ్చా' దగ్గర జాగ్రత్తగా వినండి. అది నిండు 'ఆ'నూ కాదు, 'ఏ'నూ కాదు. రెండింటి నడుమ ధ్వని. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి 1985లో తెచ్చిన ఆధునిక తెలుగు వ్యాకరణం దీన్ని విడి అచ్చుగానే గుర్తించింది. 'మేక', 'మేకు' అని ఒకదాని వెంట ఒకటి పలికి చూడండి. మేక అన్నప్పుడు నోరు కాస్త ఎక్కువ తెరుచుకుంటుంది. ఆ తెరుచుకున్న 'ఏ'ను ఇంకొంచెం తెరిచి, పొట్టిగా పలికితే అదే 'క్యాట్' ధ్వని. అప్పుడు బ్యాడ్, బెడ్ వేరువేరుగా వినిపిస్తాయి.

పొరుగు భాషలు మరో వరం. షోలాపూర్‌లో మరాఠీ బోర్డు చదివే పిల్లలకు బ్యాంక్, డాక్టర్ మాటల మీద అర్ధచంద్రం గుర్తు తెలుసు. ఇంగ్లిషు అచ్చుల కోసమే మరాఠీ ఆ గుర్తులు వాడుకుంటోంది. డాక్టర్, ఆఫీస్, కాఫీల్లో మనం 'ఆ' అనేస్తాం. అక్కడ ఉన్నది పెదవులు కాస్త గుండ్రం చేసి పలికే పొట్టి ధ్వని. ఇది బరంపురం, పర్లాకిమిడి, రాయగడ పిల్లలకు కొత్త కాదు. ఒడియాలో హల్లులో ఇమిడి ఉండే 'అ' దాదాపు అలాగే పలుకుతుంది. జగన్నాథుణ్ని వాళ్లు 'జొగొన్నాథొ' అనడంలో వినిపించేది ఆ గుండ్రటి అచ్చే. ఆ నోటితోనే ఇంగ్లిషు 'కాఫీ' అని చూస్తే తేడా తెలుస్తుంది.

పర్లాకిమిడి అంటే గిడుగు రామమూర్తి గుర్తు రావాలి. బడి పాఠం రాత భాషలో, ఇంటి మాట నోటి భాషలో ఉండటం పిల్లలకు ఎంత భారమో చెప్పి వ్యావహారిక భాష కోసం పోరాడిన పంతులు ఆయన. ఆయనే సవర భాష నేర్చి, 1931లో ఇంగ్లిషులో దాని వ్యాకరణం ప్రచురించారు. 'సోరా' అన్న పేరులో దీర్ఘాచ్చులను చూపడానికి అక్షరం పక్కన రెండు చుక్కలు పెట్టారు. ఇవాళ ఇంగ్లిషు నిఘంటువుల్లో దీర్ఘాచ్చు పక్కన కనిపించేదీ అలాంటి రెండు చుక్కలే. రాతను పక్కనపెట్టి చెవిని నమ్మడం అన్నది సరిహద్దు తెలుగువాళ్లకు వందేళ్ల కిందటే తెలిసిన పద్ధతి.

ఏది దిద్దుకోవాలి.. ఏది వదిలేయాలి?

ఇంగ్లిషు బాగా పలకడమంటే దొరల యాస తెచ్చిపెట్టుకోవడం అనుకుంటారు కొందరు. 2000 తర్వాత బెంగళూరులో కాల్‌సెంటర్లు పెరిగినప్పుడు 'మాతృభాష ప్రభావం' పోగొట్టే శిక్షణలకు గిరాకీ ఏర్పడింది. మాతృభాష జాడ కనిపిస్తే అదేదో జబ్బు అన్నట్టు పిల్లలు భయపడ్డారు. నిజానికి యాస లేని మనిషి లేడు. మనం 'మేక్', 'గో' అని నిలకడ అచ్చుతో పలుకుతాం. లండన్‌వాళ్లు వాటిని 'మెయ్క్', 'గౌ' అన్నట్టు జారుస్తారు. స్కాట్లండువాళ్లు మాత్రం మనలాగే నిలకడగా పలుకుతారు. వాళ్ల ఇంగ్లిషును ఎవరూ తప్పు పట్టరు. మనమూ దాన్ని మార్చుకోనక్కర్లేదు.

దిద్దుకోవాల్సినవి అర్థాన్ని చెడగొట్టేవే. హైదరాబాద్‌లో 1958లో మొదలై, ఇప్పుడు ఇఫ్లూగా ఉన్న సంస్థలో ఆర్.కె.బన్సల్ భారతీయుల ఇంగ్లిషు ఇతరులకు ఎంతవరకు అర్థమవుతోందో పరిశీలించి 1969లో ప్రచురించారు. అర్థం కాకపోవడానికి ఆయన చూపిన ముఖ్య కారణాల్లో ఊనిక తప్పు చోట పడటం ఒకటి. విదేశీ చదువులకు రాసే ఐఈఎల్‌టీఎస్ మాట్లాడే పరీక్షలో నాలుగు అంశాలకు మార్కులుంటాయి. అందులో ఉచ్చారణ ఒకటి. అక్కడ యాస ఏ దేశానిదని చూడరు. తేలిగ్గా అర్థమవుతోందా అన్నదే ముఖ్యం.

మనం విడిచిపెట్టాల్సిన అలవాటు మరొకటుంది. తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు లేకపోతే మనకు తృప్తి ఉండదు. అందుకే బస్‌ను బస్సు చేశాం, కార్‌ను కారు చేశాం, స్కూల్‌కు ముందూ వెనకా అచ్చు తగిలించి ఇస్కూలు చేశాం. తెలుగులో మాట్లాడేటప్పుడు అది అందమే. కన్నడిగులూ బస్సు, కారు అనే అంటారు. ఇంగ్లిషులో మాట్లాడేటప్పుడు మాత్రం ఆ చివరి 'ఉ'ను ఇంటి దగ్గరే వదిలి వెళ్లాలి. లేకపోతే ఒక్క అచ్చున్న మాట రెండు అచ్చుల మాటై, వినేవాళ్లకు తికమక అవుతుంది.

ఇంట్లోనే సాధన

* చివరి 'ఈ'ని గమనించండి. మ్యాట్ చివర 'ఈ' చేరితే మేట్, పిన్ చివర చేరితే పైన్, నాట్‌కు చేరితే నోట్, కట్‌కు చేరితే క్యూట్. తాను పలకకుండా ముందున్న అచ్చును మార్చడం దాని పని. హ్యావ్, గివ్ వంటి కొన్ని మాటలు ఇందుకు మినహాయింపు.

* జంట హల్లు కనిపిస్తే ముందున్న అచ్చు సాధారణంగా పొట్టిది. ఒక 'ఎన్' ఉంటే డైనర్, రెండుంటే డిన్నర్. హల్లును మాత్రం తెలుగు ద్విత్వంలా ఒత్తక్కర్లేదు. 'డినర్' అంటే చాలు.

* 'ఎ', 'యాన్'లలో ఏది వాడాలో అక్షరాన్ని చూసి తేల్చకండి. చెవితో తేల్చండి. యూనివర్సిటీ అచ్చు అక్షరంతో మొదలైనా పలుకు 'య'తో మొదలవుతుంది. కాబట్టి 'ఎ యూనివర్సిటీ'. అవర్, ఎం.ఎల్.ఏ. హల్లు అక్షరంతో మొదలైనా పలుకు అచ్చుతో మొదలవుతుంది. కాబట్టి 'యాన్ అవర్', 'యాన్ ఎం.ఎల్.ఏ.'. 'ద' కూడా అంతే. అచ్చు ధ్వని ముందు 'ది', మిగతా చోట్ల 'ద'.

* కొత్త మాట ఎదురైతే అర్థంతో పాటు ఊనిక గుర్తూ చూడండి. నిఘంటువులో ఒత్తి పలకాల్సిన భాగానికి ముందు, పైన చిన్న నిలువు గీత ఉంటుంది. ఆ గీత తర్వాతి అచ్చును నిండుగా పలికి, మిగతావాటిని తేలిక చేస్తే మాట దానంతట అదే కుదురుకుంటుంది.

* ఫోన్‌లో మాటను రాతగా మార్చే సదుపాయం ఉంది. కెరీర్, క్యారియర్.. బ్యాడ్, బెడ్.. హాల్, హోల్ అని ఒక్కొక్కటే చెప్పి, తెరపై ఏం పడిందో చూడండి. నవ్వేవాళ్లు ఎవరూ ఉండరు. ఎన్నిసార్లయినా చెప్పొచ్చు.

* రోజుకు ఐదు మాటలు చాలు. ఇంగ్లిషు వార్తలు వింటూ, వాళ్లు ఏ అచ్చును ఒత్తారో, ఏది మింగారో రాసుకోండి. కళ్లతో నేర్చిన మాటను ఒకసారి చెవితో సరిచూసుకోవడమే ఇందులో కిటుకు.

బడి పంతుళ్లు చేయగలిగింది కూడా ఉంది. 'అచ్చులు ఐదు' అన్న మొదటి పాఠం పక్కనే 'పలుకులు ఇరవై' అన్న రెండో పాఠం చెబితే చాలు. క్యాట్, కార్, కేక్, కాల్ అని నాలుగు మాటలు బోర్డు మీద రాసి, ఒకే అక్షరం నాలుగు రకాలుగా ఎందుకు పలుకుతోందో పిల్లలనే చెప్పమంటే చాలు. చిక్కు ఇంగ్లిషు రాతలోనే ఉందని, తమ నాలుకలో లోపమేమీ లేదని పిల్లలకు తెలియాలి. వీధి మారితే భాష మార్చగల పిల్లలు వాళ్లు. ఊనిక మార్చడం వాళ్లకొక లెక్కా?